ఐదుగురి చూపు

ఇది జరిగింది రెండో పెద్దవరద వచ్చిపోయిన మరుసటి ఏడు, ఆగస్టు చలిలో. భూమికి దక్షిణం వైపున్న మా దేశంలో ఆగస్టు అంటే చలికాలం. మొదటి పెద్దవరద నేను పుట్టిన ఏడు వచ్చింది. మా అమ్మ నన్ను సబ్బుపెట్టెలో పడుకోబెట్టి కిటికీలోంచి పడవలోకి అందించిందట. ఆ వరదకీ ఈ వరదకీ మధ్య ఎనభై మూడేళ్ళు. అన్నేళ్ళలో నేను మాట్లాడిన మాటలన్నీ కుప్ప పోసినా ఒక మధ్యాహ్నానికి చాలవని నా భార్య ఎర్మీనియా అనేది. ఆమె పోయి పదకొండేళ్ళు. ఉండి ఉంటే ఆ రోజు ఆ బల్ల మీద నా పక్కన కూర్చుని, ఆడుతున్న నా మోకాలిని చేత్తో నొక్కి పట్టేది. ఆ గంట తలుచుకుంటే ఇప్పటికీ అక్కడే కూర్చుని ఉన్నట్టుంటుంది.

మూడో అంతస్తు, పొడుగాటి వసారా, మూసిన తలుపు. తలుపు అవతల ఐదుగురు మనుషులు, ఒక కెమెరా, నా మనవరాలు తయానీ. ఆమె నల్లపిల్లో కాదో ఆ ఐదుగురూ చూసి చెప్పాలి. అవునంటే ఈ యూనివర్సిటీలో మట్టి గురించి పాఠాలు చెప్పే ప్రొఫెసర్ అవుతుంది. కాదంటే ఈ పోస్టు కూడా పోయినట్టే, ఇదివరకటి ఆరింటి లాగే. ఇంతకన్నా తేలిగ్గా చెప్పడం నాకు రాదు. నేనెందుకు వచ్చానంటే, కనపడడానికి. పెళ్ళిళ్ళకీ చావులకీ వేసుకునే నల్లసూటు వేసుకున్నాను, ఒళ్ళో సంచి, సంచిలో నాలుగు ఫోటోలు. మా అమ్మ, ఎర్మీనియా, సైన్యంలో చేరినప్పటి మా అబ్బాయి దార్సి, వాడి ఒళ్ళో ఏడాది పిల్ల తయానీ. పిలిస్తే లోపలికి వెళ్తాను, ఫోటోలు బల్ల మీద పరుస్తాను, పక్కన నిలబడతాను. మాట్లాడే పని లేదు. నా ముఖమే రుజువు కాగితం. పొద్దున బస్సెక్కేముందు ఆ పిల్ల, "అక్కర్లేదు తాతా, చలి, ఆ ఊరు దూరం, వరదకి కూలిన వంతెన ఇంకా కట్టలేదు, చుట్టు తిరిగి నాలుగు గంటలు పడుతుంది" అంది. వస్తానన్నాను. "తాతా, నిజంగా అక్కర్లేదు" అంది. నేను బూట్లు తొడుక్కున్నాను. నా మీద జాలి కొద్దీ అంటోందనుకున్నాను, ముసలాణ్ణి తీసుకెళ్ళి ప్రదర్శనకి పెట్టడం ఇష్టం లేక.

ఎదురుగా గోడ మీద వరసలుగా ఫోటోలు, ఈ మట్టి శాఖ పుట్టినప్పటి నుంచి పనిచేసిన పంతుళ్ళవి. నలభై ఒకటి. రెండుసార్లు లెక్కపెట్టాను. జర్మన్ పేర్లు, ఇటలీ పేర్లు, మూడు పోలండు పేర్లు, కళ్ళజోళ్ళు, గడ్డాలు, ఈమధ్య వచ్చిన వరసలో నలుగురు ఆడవాళ్ళు. ఒకాయన మాత్రం కొంచెం నలుపుగా కనిపించాడు. లేచి దగ్గరికి వెళ్ళి చూశాను. ఫోటోకి చెమ్మ పట్టింది, అంతే. మళ్ళీ వచ్చి కూర్చున్నాను. నలభై రెండో మేకు ఉందేమోనని చూశాను. లేదు, కానీ గోడ ఖాళీ ఉంది. గోడ ఎప్పుడూ ఖాళీగానే ఉంది, ఆ పిల్లే తొమ్మిదేళ్ళుగా తిరుగుతోంది. ఆరు ఊళ్ళలో పరీక్ష రాసింది. ప్రతిచోటా అందరి ముందూ యాభై నిమిషాల పాఠం, ఒక నిమిషం ఎక్కువా కాకూడదు తక్కువా కాకూడదు. చెప్పింది, ప్రతిచోటా రెండో స్థానం వచ్చింది. మొదటివాడు ఎప్పుడూ ఆ ఊళ్ళోనే చదివినవాడు, అక్కడి పంతులు దగ్గర పెరిగినవాడు. మూడోసారి తర్వాత ఒక పంతులమ్మ ఆమె భుజం తట్టి, "మీరు చాలా బాగా చెప్పారు, కానీ మా వాతావరణంలో ఇమడగలరా అని మావాళ్ళకి చిన్న సందేహం" అందట. ఇంటికొచ్చి అది మూడుసార్లు చెప్పింది, వాతావరణం, వాతావరణం అంటూ. నేను ఆమెకి సూపు పెట్టాను. అదే నాకు తెలిసిన జవాబు.

చట్టం ఉంది. నల్లవాళ్ళకి వాటా ఇవ్వాలని పదేళ్ళ నుంచి ఉంది. కానీ ఒకేసారి మూడు పోస్టులు వేస్తేనే వాటా లెక్కకి వస్తుంది. అందుకని ఒక్కొక్కటే వేస్తారు, ఫిబ్రవరిలో ఒకటి, జూన్‌లో ఒకటి. రొట్టెని ముక్కలు కోసి, ఒక్కో ముక్కే బయటికి తెచ్చి, ఇంత చిన్న ముక్కలో నీకు వాటా ఎలా కోయమంటావు తల్లీ అన్నట్టు. ఈ ఏడు మాత్రం ఎవరు గట్టిగా అడిగారో, అన్ని శాఖల పోస్టులూ ఒకే డబ్బాలో వేసి చీట్లు తీశారు. పద్నాలుగు చీట్లలో నాలుగు నల్లవాళ్ళకి. ఆ నాలుగింటిలో మట్టి శాఖ చీటీ వచ్చింది. శాఖ పెద్ద, క్లాయ్న్ అనే ఆయన, లిఫ్టులో ఇంకొకాయనతో, "పద్నాలుగు చీట్లుంటే మన నెత్తినే పడాలా?" అన్నాడట, తయానీ వెనకే నిలబడి ఉందని చూసుకోకుండా. లేక చూసే అన్నాడో. పాఠంలో ఆమె ఈసారి కూడా రెండోదే, మొదటివాడు క్లాయ్న్ శిష్యుడు. కానీ ఈసారి పోస్టు వాటాది. వాటా కింద నిలబడినవాళ్ళలో పాఠం నెగ్గింది ఆమె ఒక్కతే. ఇక మిగిలింది ఈ గది. ఇక్కడ అవునంటే ఆమెది, కాదంటే పోస్టు మామూలు వరసలో కలిసిపోతుంది, క్లాయ్న్ శిష్యుడికి.

రెండుంబావుకి పిలిచారు. వెళ్తూ నా కాలరు సర్దింది, నేను పరీక్షకి వెళ్తున్నట్టు. ఇప్పుడు రెండున్నర. ఏం చూస్తున్నారు ఇంతసేపు? మట్టిని చూడడానికి నాకు ఇంతసేపు పట్టేది కాదు. నలభై ఏళ్ళు నగరపాలిక కాలువలు తవ్వాను. పార మొదటి దెబ్బకే తెలిసేది, కింద ఇసకా, బంకా, ఎప్పటివో కూలిన ఇటుకలా అని. ఆ పిల్ల చిన్నప్పుడు నా వెనకాల వచ్చి గుప్పెడు పిసికి, తాతా ఇది వాసనేస్తోంది అనేది. నేను తలూపేవాణ్ణి. తర్వాత అదంతా చదువులో ఏదో పేరుతో ఉందని తెలుసుకుని వచ్చి నాకు చెప్పింది. సంతోషమేసింది, చెప్పలేదు. మేం పుట్టిన పేట పల్లంలో ఉండేది, అంతా నల్లవాళ్ళం. ఊరు అందంగా కనిపించాలని ఒకరోజు లారీలు తెచ్చి మమ్మల్ని ఇరవై కిలోమీటర్లు దూరంగా పొలాల్లో దింపి వెళ్ళిపోయారు. రెస్టింగా అంటారు మా పేటని. అది ఎత్తు మీద ఉంది. పోయినేడు ఊరంతా మునిగింది, మేం మునగలేదు. కంటికి కనపడకుండా అంత దూరం పారేసినందుకు నది కూడా మమ్మల్ని చూడలేదు.

"ఎవరి కోసం పెద్దయ్యా?"

తుడుపుకర్ర, బకెట్టు, నీలం చొక్కా. అరవై ఏళ్ళుంటాయి. నా రంగే, కొంచెం ఎక్కువే. జుల్మీరా, పేరు జేబు మీద కుట్టి ఉంది. సందులో దాచుకున్న వేడినీళ్ళ సీసా తీసి, సొరబుర్ర గిన్నెలో ఆకుపొడి మీద పోసి, తను ఒకసారి పీల్చి, నింపి నాకు అందించింది. షిమరావ్, మా చేదు ఆకునీళ్ళు, ఎవరైనా ఇస్తే కాదనకూడదు. పీల్చే గొట్టం నోట పెట్టుకున్నాను. వేడి గొంతులో దిగింది.

"మనవరాలు."

"చూపుల గదిలోనా?"

తలూపాను. "నన్నెప్పుడు పిలుస్తారు?" అన్నాను. ఆ రోజు నేను అడిగిన మొదటి ప్రశ్న.

"నిన్నా? నిన్నెందుకు పిలుస్తారు?"

"తాతను."

ఆమె తుడుపుకర్ర గోడకి ఆనించింది. నవ్వబోయి ఆపుకుంది. "అయ్యో నా తండ్రీ, తాతల్ని చూడరు ఇక్కడ. అమ్మానాన్నల్ని చూడరు, ఫోటోలూ చూడరు. మొన్నొకతె చక్రాల కుర్చీలో వాళ్ళ అమ్మమ్మని తోసుకొచ్చింది, ఇదిగో నువ్వు కూర్చున్న చోటే పెట్టారు. అమ్మమ్మ నిద్రపోయింది పాపం. రూలే అంత. పిల్ల ముఖం, పిల్ల ముక్కు, పిల్ల జుట్టు. అంతవరకే."

"ఎందుకని?"

"ఎందుకంటే ఈ దేశంలో ఎవరి తాత నల్లవాడు కాదు చెప్పు? అందరూ ఒక ఫోటో పట్టుకొచ్చేస్తారు." బుర్ర తీసుకుని తనకి నింపుకుంది. "ఈ అంతస్తులో నలభై మంది పంతుళ్ళు. నల్లగా ఉన్నది నేనూ నా బకెట్టూ. లోపల ఆ ఐదుగురిలో మాత్రం ఇద్దరు మనవాళ్ళే, వేరే ఊరి నుంచి వచ్చారు. కంగారు పడకు."

కంగారు పడకు అని ఆమె బకెట్టు తోసుకుంటూ వెళ్ళింది. నేను సంచి ముడి విప్పాను, మళ్ళీ కట్టాను. ఎనభై నాలుగేళ్ళు నన్ను చూశారు. బ్యాంకు తలుపు దగ్గర చూశారు, దుకాణంలో సబ్బు పట్టుకుంటే చూశారు, బస్సులో నా పక్క సీటు ఖాళీగా ఉన్నా నిలబడి చూశారు, పోలీసులు గోడకి తిప్పి వెనక నుంచి కూడా చూశారు. ఇవాళ చూడండయ్యా అని సూటు వేసుకుని వస్తే నేను అక్కర్లేదట. నవ్వు రావాలి. వచ్చింది కూడా, బయటికి రాలేదు. అయితే పిల్ల ఒక్కతే ఉంది అక్కడ, తన ముఖంతో. ఆ ముఖం ఎలా ఉంటుంది? రోజూ చూసే ముఖం, కళ్ళు మూసుకుంటే కనపడడం లేదు. చామనచాయ. కాదు, ఎండాకాలంలో చామన, చలికాలంలో ఇంకా తేట. ఇది ఆగస్టు. ముక్కు దార్సిది. పెదవులు దార్సివే. కళ్ళు ఇవేతివి, వాళ్ళమ్మవి, ఇటలీ వాళ్ళ పిల్ల, దార్సి లారీ బోల్తాపడి పోయాక తన వాళ్ళ దగ్గరికి వెళ్ళిపోయింది, తప్పు పట్టను. జుట్టు. జుట్టు సంగతి పొద్దున బస్సులో అడగబోయి ఊరుకున్నాను. సాపు చేయించుకుని వెనక్కి లాగి కట్టింది, ఎప్పటిలాగే. ఫోనులో స్నేహితురాలెవరో, విప్పేసి ఉంగరాలు చేసుకో అన్నట్టుంది. ఈమె, "వాళ్ళ కోసం వేషం వెయ్యను, పదిహేనేళ్ళుగా ఇలాగే ఉన్నాను" అంది.

వేషం అంటే, నా బల్ల మీదే అటు చివర ఒకడు కూర్చున్నాడు. ముప్పై ఏళ్ళ వాడు, వేరే శాఖకి. ఆగస్టు చలిలో ఎండకి కాలి ఉన్నాడు. ముక్కు కొన మీద తోలు ఊడుతోంది. జుట్టుకి కొత్తగా తిప్పించుకున్న ఉంగరాలు, మందు వాసన ఇంకా పోలేదు. "ఇంకా పిలవలేదమ్మా, ఆఁ, బాగానే ఉంది, పాడవలేదు" అని ఫోనులో. తర్వాత నావైపు జరిగాడు.

"మీవాళ్ళెవరైనా లోపలున్నారా అండీ?"

నేను చూశాను.

"తర్వాత నేనే. బావర్ నా పేరు. మా ముత్తవ్వ నల్లావిడేనట, మా ఇంట్లో అందరూ అంటారు. అంటే, ఫోటో లేదనుకోండి."

చూశాను.

"రూలు ప్రకారం ఎవరి గురించి వాళ్ళే చెప్పుకోవచ్చు కదండీ. నేను అబద్ధమేం చెప్పడం లేదు."

కోపంగా చూడలేదు. ఊరికే చూశాను, పార దించేముందు నేలని చూసినట్టు. వాడు గోడ వైపు చూశాడు, నా బూట్ల వైపు చూశాడు, మరుగుదొడ్డి ఎక్కడో అన్నాడు, లేచాడు. కాసేపటికి జుల్మీరా అటు చివర నుంచి గొంతెత్తి, "ఓ పెద్దయ్యా, ఒంటికి వెళ్ళేవాడు కోటూ సంచీ కూడా పట్టుకెళ్తాడా? మెట్లు దిగిపోయాడు నీ పక్కవాడు!" అని పకపకా నవ్వింది. నాకు ఒక నిమిషం బాగుంది. చూపుతో ఒకణ్ణి లేపి పంపించాను. ఒక నిమిషమే. తర్వాత ఆ చూపు నావైపు తిరిగింది, దాన్ని ఆపడం నా చేతకాలేదు.

ఎందుకంటే మొదట చూసింది నేనే. ఐదుగురు కాదు, కెమెరా కాదు. ఆసుపత్రిలో, పుట్టిన రెండో గంటలో, నర్సు గుడ్డలో చుట్టి తెచ్చింది. దార్సి ఏడుస్తున్నాడు. ఎర్మీనియా చేతులు చాచింది. నేను మాత్రం వేలితో గుడ్డ తప్పించి చెవి అంచు చూశాను, తర్వాత గోళ్ళ మొదలు. పుట్టిన పిల్ల రంగు రేపు ఎలా తేలుతుందో అక్కడ తెలుస్తుంది. మావాళ్ళందరూ చూస్తారు, చూడలేదనే అంటారు. లేతగులాబీ. తేటగా వచ్చింది, అన్నాను. ఎర్మీనియా నన్ను చూసి, "నువ్వు నవ్వి ఎన్నేళ్ళయిందో" అంది. నవ్వానన్నమాట. దేవుడికి దండం కూడా పెట్టుకున్నాను, మనసులో. ఇక దీన్ని గోడకి తిప్పి నిలబెట్టరు అనుకున్నాను. అంతే అనుకున్నాను, ఇంకేమీ కాదు. ఇంకేమీ కాదా? టోపీ నేనే కొన్నాను, అంచు వెడల్పుది, ఎండలో ఆడుకుంటే నెత్తిన పెట్టడానికి. నా వెనకాల కాలువల దగ్గరికి వస్తానంటే మబ్బు పట్టిన రోజే తీసుకెళ్ళేవాణ్ణి. శనివారం శనివారం ఎర్మీనియా ఇనపదువ్వెన పొయ్యి మీద కాల్చి దాని జుట్టు సాపు చేసేది, అది కదలకుండా తల పట్టుకునేది నేను. కాలిన జుట్టు వాసన. చెవి కాలితే కెవ్వుమనేది. పట్టు సడలించేవాణ్ణి కాదు.

లోపల కుర్చీ జరిపిన చప్పుడు. కాదు, పై అంతస్తులోది. ఇరవై ఆరు నిమిషాలు. ఇంకా చూస్తున్నారు. ఏడేళ్ళ వయసులో బడిలో చేర్పించాను. కిటికీ అవతల గుమస్తా, చక్కటి మనిషి, కాగితం నింపుతూ పేరు, పుట్టిన తేదీ, ఇల్లు. రంగు అన్న గడి దగ్గరికి వచ్చి తల పైకెత్తి పిల్లని చూసి, "తెలుపు అని వేస్తున్నా, సరేనా తాతగారూ?" అన్నాడు. నన్ను చూడలేదు. పిల్లని చూసి, కాగితాన్ని చూసి రాశాడు. నేను అవునని అనలేదు. కాదనీ అనలేదు. నోరు మూసుకోవడం నాకు అలవాటే కదా, మర్యాద అంటారు దాన్ని, ముసలాయన మంచివాడు, ఎక్కువ మాట్లాడడు. ఆ పిల్ల తలెత్తి నావైపు చూసింది. అది గుర్తుంది. నేను గుమస్తా కలం వైపు చూస్తున్నాను. అదీ గుర్తుంది. ఆ కాగితం వల్ల ఏం ఒరిగింది? పన్నెండేళ్ళప్పుడు దుకాణంలో కాపలావాడు ఆమె సంచి విప్పించాడు, స్నేహితురాలిది విప్పించలేదు. డాక్టరేటు చదువుతుండగా ఒక పంతులు ప్రయోగశాల తలుపు తీసి, "ఇక్కడ నీళ్ళొలికాయి, తుడిచేస్తావా అమ్మా" అన్నాడు. ఆమె తుడిచి, చేయి కడుక్కుని, అదే పంతులు ముందు కూర్చుని పరీక్ష ఇచ్చింది. తలుపు దగ్గర వాళ్ళకి ఎప్పుడూ తెలుసు ఆమె ఎవరో. లోపల కుర్చీ వెయ్యాల్సి వచ్చినప్పుడే అనుమానాలు.

అప్పుడు వినిపించింది. తలుపు మందమే, అయినా ఆమె పాఠాలు చెప్పే గొంతు కదా. కెమెరా ముందు కాగితం చదివించుకుంటారట. "నేను, తయానీ" అని ఇంటిపేరుతో సహా, తర్వాత, "నల్లజాతి స్త్రీని అని ప్రకటిస్తున్నాను." అంతే. ఒక్కసారే. మా ఇంట్లో ఆ మాట ఎప్పుడూ ఎవరూ అనలేదు. మనవాళ్ళు అనేవాళ్ళం, మన రంగు, చామన, ముదురు, కాస్త ముదురు, ఎండకి తిరిగినవాళ్ళు అనేవాళ్ళం. ఎర్మీనియా చచ్చిపోయేదాకా అనలేదు. నేను ఎనభై నాలుగేళ్ళు అనలేదు, అద్దంలో గడ్డం గీసుకుంటూ కూడా. ఆ పిల్ల పరాయివాళ్ళ ఎదుట, గోడకి ఆనకుండా, పూర్తి పేరుతో చెప్పింది. నా కాళ్ళు వాటంతట అవే లేచి నిలబడ్డాయి. సంచి జారి ఫోటోలు నేల మీద పడ్డాయి. ఏరుకుంటుండగా తలుపు తెరుచుకుని తయానీ బయటికి వచ్చింది.

"ఏమడిగారు?" అన్నాను.

"ఏమీ అడగలేదు. చదవమన్నారు, చదివాను. ముందుకి చూడమన్నారు, పక్కకి తిరగమన్నారు. ఒకావిడ దీపం దగ్గరికి జరగమంది. చాలామంది వరసలో ఉన్నారు, అందుకే ఆలస్యం, లోపలి గదిలో కూర్చోబెట్టారు." నేల మీది ఫోటో అందుకుంది, నాలుగోది, తనది. "ఇవన్నీ మోసుకొచ్చావా తాతా?" అంది. అంతకన్నా ఏమీ అనలేదు.

బస్సులో, వంతెన కూలిన చోట చుట్టు తిరిగేటప్పుడు, ఆరు గంటలకి ఫోనులో జాబితా వచ్చింది. ఆమె చదివి నా చేతికిచ్చింది. నాకు అక్షరాలు వస్తాయి, మూడేళ్ళు బడికి వెళ్ళాను, కానీ వేలు పెట్టుకుని చదవాలి. ఆమె పేరు, పక్కన, నిర్ధారణ కాలేదు. ఇద్దరు అవునన్నారు, ముగ్గురు కాదన్నారు. మరుసటి రోజు మధ్యాహ్నం పన్నెండు లోపు అభ్యంతరం రాసి పంపుకోవచ్చు. వేరే ముగ్గురు అదే కెమెరా బొమ్మ మళ్ళీ చూస్తారు.

ఆమె నవ్వింది. బస్సులో ఇద్దరు తిరిగి చూశారు. "తొమ్మిదేళ్ళు నల్లదాన్నయి రెండోదాన్నయ్యాను తాతా. ఇవాళ తెల్లదాన్నయి రెండోదాన్నయ్యాను." తర్వాత, "రాయను. ఇక చాలు. ఇంకో ముగ్గురికి కెమెరాలో పక్కకి తిరిగి కనపడడం నా వల్ల కాదు" అని కిటికీకి తల ఆనించింది. నేను కోరుకున్నదే జరిగింది, ముప్పై నాలుగేళ్ళు ఆలస్యంగా. ఆ రోజు ఆసుపత్రిలో చూసిన చెవి అంచు అబద్ధం చెప్పలేదు.

మర్నాడు పొద్దున ఐదింటికి లేచి నీళ్ళు కాచాను. బుర్ర నింపి ఆమె గది తలుపు కొట్టాను. వంటింటి బల్ల దగ్గర కూర్చోబెట్టి చెప్పాను. చెవి అంచు సంగతి, గోళ్ళ సంగతి, టోపీ, మబ్బు రోజులు, ఇనపదువ్వెన, బడి గుమస్తా. సీసాలో నీళ్ళు చల్లారేదాకా చెప్పాను. నిన్ను తెలుపు అని మొదట రాయించింది వాళ్ళు కాదు, నేను, అన్నాను.

చాలాసేపు ఆమె గొట్టంతో పొడి కెలుకుతూ కూర్చుంది. కెలకకూడదు, నీరు పాడవుతుంది, ఆమెకీ తెలుసు.

"ఇప్పుడెందుకు చెప్తున్నావు?"

"పన్నెండు దాకానే టైముంది."

"గుమస్తా సంగతి నాకు గుర్తుంది." గొంతు మారింది. "నీకు అంతా గుర్తులేదు తాతా. నువ్వు నా చెయ్యి వదిలేశావు. అతను అడగగానే వదిలేశావు. రాయడం అయ్యాక మళ్ళీ పట్టుకున్నావు."

నాకది గుర్తులేదు. ఎంత వెతికినా దొరకలేదు. అయినా నిజమేనని తెలిసింది, అరచేతిలో తెలిసింది. బల్ల మీద చెయ్యి పెట్టాను. ఆమె పట్టుకోలేదు. లేచి వెళ్ళింది, గదిలో ఏదో విసిరిన చప్పుడైంది, కుళాయి చాలాసేపు పారింది. తొమ్మిదిన్నరకి తల తుడుచుకుంటూ వచ్చింది. కంప్యూటరు తెచ్చి బల్ల మీద పెట్టింది.

"ఏం రాయను? వాళ్ళు చూడాల్సింది చూసేశారు."

"వాళ్ళు చూసింది నిన్న ఒక్కరోజు. మిగతాది రాయి. నిన్ను ఎక్కడెక్కడ ఆపారో రాయి."

"అది లెక్కలోకి రాదు తాతా. ముఖమొక్కటే లెక్క."

"అయినా రాయి. చదవాల్సిన వాళ్ళు ముగ్గురున్నారు కదా."

కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాను. దుకాణం సంగతి చెప్పాను, ఏ దుకాణమో, ఏ వారమో, కాపలావాడి మీసంతో సహా. ఆమె టైపు కొట్టింది. బస్సులో డ్రైవరు ఆమెని దింపేసిన రోజు చెప్పాను, ఆమెకి పదకొండు, అది ఆమే మరిచిపోయింది. బ్యాంకు తలుపు సంగతి చెప్పాను, ఆమె లోపలికి వెళ్ళబోతే మూడుసార్లు అనుమానపు గంట మోగించి ఆపారు. పట్టా తీసుకున్న రోజు వెనక గేటు నుంచి రమ్మన్నవాడి గురించి చెప్పాను, నేనక్కడే ఉన్నాను, ఏమీ అనలేదు, అదీ రాయమన్నాను. ఆమె ఒక్కోసారి ఆగి నావైపు చూస్తోంది, మళ్ళీ కొడుతోంది. పదకొండున్నర అయ్యేసరికి నా గొంతు పోయింది. లేచి కుళాయి నీళ్ళు తాగి వచ్చాను. ఇంకొకటి గుర్తొచ్చింది. అదీ చెప్పాను.